వెలుగుకు విప్పిన రీలు

మావాళ్లు బతుకుతెరువుకు వలసొచ్చిన సలాబత్‌పురాలో, మా చీరల దుకాణం గల్లా పక్కనే పెరిగాను. కొత్తిమీర కట్ట కొన్నా బేరమాడకపోతే నాకు అన్నం సయించదు. డాక్టరు వారానికి మందులు రాస్తే, నాలుగు రోజులకు సర్దుకోమని అడిగిన మనిషిని. అటువంటి నన్ను ఒక్క మాటతో ఎవరైనా పడగొట్టవచ్చు: "నీ నడక అచ్చం మీ అమ్మదే." అమ్మ పోయేనాటికి నేనింకా పాకుతున్నాను. ఫోటోలన్నింటిలో ఆమె నిలబడే ఉంది. నడుస్తుండగా చూడలేదు.

ఉంటే గింటే, మా నాన్న, బాపు, ఇంట్లో తీసిన సినిమా రీలులో ఉండాలి. కీ ఇస్తే కిర్రుమంటూ తిరిగే చిన్న కెమెరా ఆయనది. రీలు మూడు నిమిషాలకే అయిపోయేది కాబట్టి పండగకింత, చుట్టాలొస్తే ఇంత, పొదుపుగా తీసేవాడు. కెమెరా ఎత్తగానే అందరూ పట్టుచీరలు సర్దుకుని కొయ్యబొమ్మల్లా నిలబడేవారట. "కదలుండ్రి! గిది ఫోటో కాదు" అని ఆయన మొత్తుకునేవాడట.

అమ్మను తీసింది ఆ రీలు చివర్లో. కడగడానికి బొంబాయి పంపాలి. మేము బట్టలవాళ్లం, గుడ్డ తానును వాకిట్లో వెలుగుకు విప్పి చూడకుండా గడప దాటనివ్వం. కడగని ఫిల్ముకు వెలుగు తగిలితే బొమ్మ చెరిగిపోతుంది; బాపు రీలునూ అలాగే కాస్త విప్పి చూశాడు! "సరుకు జూడకుండ ఎట్ల పంపుత?" అంటాడు ఇప్పటికీ. అది తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. వెలుగు తగిలిన కొస తెల్లగా కనబడింది. అంతా పోయిందనుకుని బీరువాలో పెట్టేశాడు. తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి, ఫిల్ము అమ్మేవాళ్లూ కడిగేవాళ్లూ మాయమయ్యారు.

మొన్న బీరువా సర్దుతుంటే రీలు దొరికింది. చౌక్ బజారులో పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన దగ్గర ప్రొజెక్టరు ఉందని తెలిసి, బాపును తీసుకుని వెళ్లాను.

"కాకా, పహలే దిఖావో, బాద్‌మే భావ్" అన్నాను. ముందు చూపించు, ధర తర్వాత.

ఆయన నవ్వి, ఫిల్ము ఎండి పెళుసెక్కిందని, మధ్యలో తెగితే తనను అనొద్దని హెచ్చరించి, దీపం వేశాడు.

గోడ మీద మొదట కొయ్యబొమ్మల చుట్టాలు. ఆ తర్వాత మా పాత ఇంటి గుమ్మం. అందులోంచి అమ్మ వచ్చింది. కొంగు బిగించి, మడమలు గట్టిగా వేస్తూ, ఎడమవైపు కాస్త ఒరుగుతూ, సూటిగా మా మీదికి నడిచి వచ్చింది. నాకన్నా ముందు నా మోకాళ్లు ఆమెను గుర్తుపట్టాయి. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

"ఏమంటుంది బాపూ?"

"ఏమంటది బిడ్డా! బువ్వ సల్లారుతాంది, గా డబ్బ ఆడ వెట్టి రా అంటాంది."

అంతలో అంచుల నుంచి తెలుపు పాకి వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తింది. చెయ్యి మాయమైంది, ముఖం మాయమైంది.

కాకా స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"రహ్‌నే దో భాయ్" అన్నాడు బాపు, ఆపకుండా ఉండనివ్వమని.

కాకా చెయ్యి తీసేశాడు. గోడ మీద ఉత్త వెలుగు. రీలు పూర్తిగా తిరిగేదాకా మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.