పసుపు కింది ఎర్ర అంకె

పోయిన నెల ప్రొద్దుటూరులో మా మేనమామ పోయాడు. ఫోను చేసిన ఆయన మనవరాలు "బాధ పడకుండా పోయినాడవ్వా" అంది. పడాల్సిందంతా ముందే పడేశాడని దానికెట్లా తెలుస్తుంది?

ఆయన హైస్కూల్లో సైన్సు అయ్యవారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో నేను ఆయన ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. కిరసనాయిలు దొరకని వారం ఇల్లంతా చీకటి. ఆ చీకట్లోనే పాఠం చెప్పేవాడు. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆ పాఠాల పుణ్యమే.

"పరాయోడు నూనె ఆపితే ఆరిపోయేది మన దీపం కాదు పాపా. అణువు కరెంటు మన రాళ్లలోనే ఉండాది" అనేవాడు. మా సీమలో రాళ్లకు కొరత లేదు గనుక నమ్మాను.

ఒక ఎండాకాలం, ఆ అణువు కరెంటు తీసే యురేనియం ఖనిజం వెతకడానికి సర్కారు జీపు వచ్చింది. దారి చూపడానికి మామే ఎక్కాడు. పులివెందుల పక్క ఊళ్లన్నీ తిప్పి, చివరికి తన తల్లి, అంటే మా అవ్వ, చేనికే తీసుకుపోయాడు. గట్టు దగ్గర, ఖనిజాన్ని పసిగట్టే వాళ్ల పెట్టె ఆగకుండా టిక్కుటిక్కుమంది. మామ చప్పట్లు కొట్టాడు. వాళ్లు ఒక రాయి పాతి, ఎర్రరంగుతో అంకె వేశారు.

"ఏందిరా అది?" అంది అవ్వ.

"గుర్తమ్మా. దేశానికి కరెంటు ఈడ్నించే వస్తాది."

"వస్తే నేను యాడికి పోవాల?"

బడిలో అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పే మనిషి కడవ ఎత్తుకుని జీపు వాళ్లకు నీళ్లు పోయడానికి పోయాడు.

జీపు పోగానే అవ్వ ఆ రాయిని కడిగి, అంకె కనబడకుండా పసుపు మెత్తి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. "ఇంగ తొవ్వమను. దేవుణ్ణి పెకిలించే మొగోడు యాడుండాడో చూస్తా."

ఎవరూ రాలేదు. వస్తే ఒక ఏడుపుతో పోయేది. రాకపోవడమే ఆయనను తినేసింది. చేను ఎప్పుడు పోతుందోనని బావి లోతు చేయించలేదు, చీనీ చెట్లు పెట్టలేదు. జీపు చప్పుడు వింటే అన్నం ముందు నుంచి లేచేవాడు. అవ్వ పోయాక, దయ్యాలు లేవని పిల్లలకు చెప్పిన మనిషి ప్రతి ఏరువాకకూ పోయి ఆ రాయికి పసుపు మెత్తి వచ్చేవాడు.

"ఏం మామా, అణువుకు పూజా?" అని పొడిచాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. "కరెంటూ కావాల, చేనూ కావాల పాపా. ఏది అడగాల్నో తెలీక ఊరికే మొక్కుతాండా."

ఈ ఏడు ఏరువాకకు ఆయన మంచం దిగలేదు. దినాలయ్యాక మేమంతా చేనికి పోయాం. వానలకు పసుపు పూర్తిగా కొట్టుకుపోయింది. రాయి మీద ఆ ఎర్ర అంకె నిన్న వేసినట్టు తడితడిగా మెరుస్తోంది. పసుపు తెచ్చినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.