చదివిన గుర్తు

కరీంనగర్‌లోని ఒక గ్రానైట్ కంపెనీలో మెయిల్ సర్వర్ చూసే నిషాత్, పనికి కూర్చోగానే గాజులు తీసి కీబోర్డు పక్కన పెడుతుంది. పాత సర్వర్‌లో ఒక్కొక్కరి మెయిళ్లన్నీ కలిపి ఒకే పొడవాటి ఫైలు; కొత్తదానిలో ప్రతి మెయిలూ విడి ఫైలు. వాటిని మారుస్తున్నంతసేపూ, చాయ్ మీద మీగడ కట్టినా ఆమె చేయి కప్పు వైపు పోదు. చదివింది చదివినట్టే, చదవనిది చదవనట్టే కొత్త పెట్టెలోకి రావాలి. మారిందన్న సంగతే ఎవరికీ తెలియకూడదని ఆమె పంతం.

క్వారీలో బండ జారి సూపర్‌వైజర్ ఓదెలు చనిపోయిన వారానికి, మేనేజర్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "బండ పగిలిందని ఓదెలు ముందే పెట్టిన మెయిలు నేను చదివినట్టు రావొద్దు. అందరివీ అట్లనే రానీ. సర్వర్ మారితే గట్లనే అయితదని చెప్పు."

నిషాత్ ఎవరు ఏది చదివారన్న గుర్తులు వదిలేసి మెయిళ్లు మాత్రమే దాటించింది. పాత ఫైళ్లను ఎప్పటిలాగే చెరిపేసింది.

మర్నాడు ఓదెలు భార్య రాజవ్వ వచ్చింది. మేనేజరే ఆమెను మెయిలు చూసుకొమ్మని నిషాత్ దగ్గరికి పంపాడు. "బండ సంగతి సారుకు రాసిన అని మా ఆయన ఇంట్ల చెప్పిండు. సారు చదివిండా, బిడ్డా?"

నిషాత్ మేనేజర్ పెట్టె తెరిచింది. చదవని మెయిళ్లకుండే లావు అక్షరాల్లో ఓదెలు పేరు కనిపించింది. "చదవనట్టే ఉన్నదవ్వా."

"అయ్యో, సారుకు ఎరుకే లేదా! నేనే ఉత్తగ ఆయన మీద దుమ్మెత్తిపోస్తి" అంటూ రాజవ్వ లెంపలేసుకుంది.