నుదురు తగలని దండం

నవ్యకి మొట్టమొదట అసహ్యం పుట్టింది తన చేతుల మీదే. పదహారేళ్ళొచ్చాయి. పదకొండో తరగతి పుస్తకాల సంచీ మోస్తాయి, కుళాయి దగ్గర్నుంచి నిండు బకెట్టు మోస్తాయి. తీరా తన ఒంటిని తనే నేల మీంచి జానెడు పైకెత్తమంటే మాత్రం గడగడా వణికి, వాడిపోయిన తోటకూర కాడల్లా వాలిపోయాయి. అదీ పదిమంది కుర్రాళ్ళ ముందు.

ఆ పదిమందీ అగ్రికో మైదానం పక్కన, పాత స్టేజీ వెనక సిమెంటు నేల మీద రోజూ సాయంత్రం బ్రేక్‌డాన్స్ నేర్చుకునేవాళ్ళు. వాళ్ళ నాయకుడు పింటూ. ఇరవై రెండేళ్ళవాడు. మెడలో గొలుసు, కింది పెదవి వెనక ఖైనీ పొగాకు. మాట్లాడే ముందొకసారి, మాట్లాడాక ఒకసారి ఉమ్మడం అతని పద్ధతి. ఆ చోటంతా తడి మేజోళ్ళ కంపు, దాని మీద ఖైనీ ఘాటు. వాళ్ళు పరుచుకునే ప్లాస్టిక్ పట్టా మీద అరచెయ్యి ఆనిస్తే బంకలా అంటుకునేది. దాన్ని కొన్నప్పటినుంచి ఎవడూ కడగలేదని చూడగానే తెలిసిపోయేది.

మరి ఎందుకు వెళ్ళిందంటే, ఒకరోజు స్కూలునించి వస్తూ అక్కడ ఒక కుర్రాడు ఒంటిచేతి మీద ఒళ్ళంతా నిలబెట్టి, కాళ్ళు గాల్లో వంకరగా ఆపి, బొమ్మలా ఉండిపోవడం చూసింది. దాన్ని ఫ్రీజ్ అంటారట. ఆ కాస్సేపూ ఆ కుర్రాడికి బరువన్నది లేదు. తనూ అలా ఉండాలనుకుంది. అంతకుమించి కారణం లేదు. పదహారేళ్ళ ఆడపిల్ల ఏదైనా కావాలంటే ఇంటిల్లిపాదికీ కారణం చూపించాలి గనక, సంగతి ఇంట్లో చెప్పలేదు.

పింటూ ఆమె చేతుల్ని బేరమాడబోయే కోడిని చూసినట్టు చూశాడు. "రోజ్ పచాస్ దండ్ మార్, ఫిర్ ఆనా," అన్నాడు. రోజుకి యాభై దండ్‌లు తీసి, ఆ తర్వాత రమ్మని. ఈ ఊరి హిందీలో దండ్ అంటే బోర్లా పడుకుని చేతుల బలంతో ఒంటిని ఎత్తి దించడం, జిమ్ముల్లో పుషప్ అనేది అదే. దానికి తోడు పొద్దున్నే రెండు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని మింగమన్నాడు. జనవరిలో రాంచీలో పోటీ ఉంది. జట్టుకి ఆరుగురు కావాలి, పదిమందిలో పోటీకి పనికొచ్చేవాళ్ళు ఐదుగురే ఉన్నారు. ఒక ఆడపిల్ల ఉంటే జడ్జిలు మొహం తిప్పి చూస్తారని పక్కవాడితో అని, మళ్ళీ ఉమ్మాడు.

ఆ ఆరో చోటు నవ్యకి కావాలి. ఆ ఉమ్మేవాడి దగ్గరే ఉంది గనక అక్కడే తెచ్చుకోవాలి.

గుడ్ల సంగతి మొదటిరోజే తేలిపోయింది. ముక్కు మూసుకుని మింగింది. ఆ జిగురు గొంతులో సగందాకా వెళ్ళి, కాస్త ఆలోచించుకుని, వెనక్కి తిరిగింది. స్కూలు చొక్కా మీదే పడింది. ఎంత కడిగినా ఆ రోజంతా నీచు కంపు వదల్లేదు. పక్కన కూర్చునే పిల్ల రెండో పీరియడ్‌కల్లా బెంచీ మారింది.

ఇక దండ్‌లు. సీతారాండేరా బస్తీలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. నాన్న కూర్మారావు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద వెల్డింగు పనికి పోతాడు, అమ్మ సుధారాణి బట్టల కొట్లో పని చేస్తుంది, ఇద్దరూ చీకటి పడ్డాకే వస్తారు. ఆ ఇంట్లో మనిషి బారుగా పడుకోగలిగినంత ఖాళీ నేల ఒకే ఒక్కచోట ఉంది, దేవుడి అలమర ముందు. అలమరలో తాతలనాడు శ్రీకాకుళంనించి తెచ్చుకున్న అసిరితల్లి పటం. దాని పక్కన పీట మీద నాన్న తల్లి పోలమ్మ, అంటే నవ్యకి మామ్మ. రెండు కళ్ళకీ శుక్లాలు. చలి తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. అందాకా ఆమెకి మనుషులు మసక మసగ్గా కదిలే నీడలు.

మొదటి సాయంత్రం నవ్య అక్కడే బోర్లా పడింది. లేవబోయింది, పడింది, మూలిగింది.

"ఏటే గుంటా, ఆ మూలుగు? ఏటి సేత్తన్నావు?" అంది మామ్మ.

పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం నవ్యకి అలవాటు. "దండ్, మామ్మా," అంది ఊపిరాడక. "రోజ్ పచాస్ దండ్ కర్నా హై."

మామ్మ ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళు. అయినా ఆమె హిందీ కూరగాయల బండి దాటి ముందుకెళ్ళలేదు. దండ్ ఆమె చెవిలో దండమైపోయింది. కళ్ళెదురుగా చూస్తే మనవరాలు అమ్మవారి ముందు సాష్టాంగపడి ఉంది. ఇంకేం కావాలి?

"రోజుకి యాభై దండాలా! ఓలమ్మో! మొక్కుకున్నావేటే? నా కళ్ళ కోసమేటే?"

నవ్య నోరు తెరిచింది. కాదంటే డాన్స్ అని చెప్పాలి. డాన్స్ అంటే రాత్రికి అమ్మకి తెలుస్తుంది. ఆడపిల్ల మైదానంలో కాళ్ళు పైకెత్తి తలకిందులవడమేమిటని అక్కడితో ఆఖరవుతుంది. నోరు మూసుకుంది. మామ్మ దాన్ని సిగ్గనుకుని, పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ మర్నాటినుంచి మామ్మ పీట ముందుకి జరుపుకుని లెక్క పెట్టడం మొదలెట్టింది. ధాన్యం కొలిచేవాళ్ళలా ఒకటి అనదు, "లాభం" అంటుంది. ఏడు అనదు, ఏడుపు మాట అట, "ఆరున్నొకటి" అంటుంది. పదిహేడొస్తే "పదారున్నొకటి". పైగా కళ్ళు ఆననందుకేమో, చెవులు పాము చెవులు. నుదురు నేలకి తగిలిన చప్పుడు వినపడితేనే లెక్క.

"నుదురు తగల్నేదు. దండమవనేదు. మల్లీ ఎట్టు."

"లగా థా, మామ్మా!" తగిలిందని నవ్య ఏడుపు మొహం.

"నాకే ఇనబడ్నేదు. తల్లికేటి ఇనబడతాది?"

మైదానంలో పింటూ శిష్యులు సగం దిగి, సగం లేచి, వంద కొట్టామని చొక్కాలు విప్పుకుని ఫొటోలు దిగేవారు. ఇక్కడ ఛాతీ, గడ్డం, నుదురు మూడూ నేలకి ఆనాలి. మళ్ళీ అక్కణ్ణించి మోచేతులు తిన్నగా అయ్యేదాకా లేవాలి. మొదటివారం రోజుకి నాలుగు దాటలేదు. మొహం నేలకానినప్పుడల్లా ఫినాయిలు వాసనా, అగరుబత్తి బూడిదా కలిసి ముక్కులోకి పోయేవి. మణికట్లు వాచాయి. నుదుటి మీద రూపాయి బిళ్ళంత మేర కందింది. చెమటకి బట్టలు వీపుకి అంటుకుని, తన వాసన తనకే వెగటనిపించేది. మామ్మ లెక్క వింటే ఒళ్ళు మండేది. ఆ ముసలామె ప్రతి సాయంత్రం అమ్మవారితో, "నా గుంట ఒళ్ళు ఊనం సేసుకుంటంది, సూడు తల్లీ," అని చెప్పుకుంటుంటే, తన మీద తనకి పుట్టే రోతని మాత్రం లోపలే తొక్కిపెట్టేది.

అంతటితో ఆగినా బాగుండేది. పక్కింటి ఇంద్రాణి ఒడియా ఆవిడ, మోకాళ్ళ నొప్పుల మనిషి. మామ్మ చెప్పిన గొప్పలన్నీ విని ఒకనాడు అత్తం అరటిపళ్ళతో వచ్చింది. తన మోకాళ్ళ పేర ఐదు దండాలు పెట్టమంది. నవ్య పెట్టింది, ఐదూ నుదురు తగిలేలాగానే. పెట్టి లేవగానే ఇంద్రాణి వంగి ఆమె పాదాలు తాకబోయింది. నవ్య నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆ పళ్ళు రెండు రోజులు కళ్ళెదురుగా ఉండి నల్లబడిపోయాయి, ఆమె ఒక్కటీ ముట్టలేదు.

ఆగస్టులో నాలుగు, దసరాకి ఇరవై, డిసెంబరు మొదటివారానికి యాభై. భుజాలు గట్టిపడ్డాయి. స్కూలు వెనక వరండాలో గోడకి మడమలానించి చేతుల మీద నిలబడటం వచ్చింది. ఆ తర్వాత మోచేతిని నడుం పక్కన గుచ్చి, ఒంటి బరువంతా దాని మీదకి తేవడం వచ్చింది. పడీ పడీ పక్కటెముకల దగ్గర నల్లగా కమిలింది. ఆ కమిలిన మచ్చ ఒక్కటే ఆమెకి తన ఒంట్లో అసహ్యం కలగనిది.

ఎంపిక రోజు పింటూ "చల్, దిఖా," అన్నాడు, చేసి చూపించమని. నవ్య ఆ బంక పట్టా మీదే చెయ్యి ఆనించింది. కాళ్ళు లేచాయి, రెండో చెయ్యి వదిలింది, ఆగింది. ఎవడో ఏక్, దో అని లెక్కపెట్టడం వినపడింది. ఆమె లోపల మాత్రం లాభం, రెండు అని నడిచింది. ఎనిమిది దాకా నిలిచింది. కుర్రాళ్ళు ఈలలేశారు. ఆరో చోటు ఖాయం చేశాడు పింటూ.

ఇంత బలం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగారు. అక్కడ ఊరుకుని ఇంటికి వచ్చేస్తే సరిపోయేది. ఉబ్బిపోయిన మనిషికి ఒళ్ళు తెలుస్తుందా? మొత్తం చెప్పేసింది. దండ్ దండమైన వైనం, లాభం, ఆరున్నొకటి, నుదుటి చప్పుడు, ఇంద్రాణి మోకాళ్ళు. మామ్మలా గొంతు వణికించి మరీ చూపించింది. కుర్రాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాలుగు నెలల కిందట తనని చూసి నవ్వినవాళ్ళు మొదటిసారి తనతో కలిసి నవ్వుతున్నారు. వీడియో పంపమన్నాడు పింటూ.

మర్నాడు సాయంత్రం ఫోనుని అసిరితల్లి పటం పక్కన కుంకుమ భరిణెకి ఆనించి పెట్టింది. మామ్మ ఎప్పటిలాగే పీట జరుపుకుంది. "లాభం... రెండు..." ఆరు దాటి "ఆరున్నొకటి" అనేసరికి కుర్రాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. నవ్వు ఆగలేదు. పక్కున నవ్వి, ఛాతీ మీద పడిపోయి, భుజాలు కుదుపుకుంటూ ఉండిపోయింది. మామ్మకి అది ఎక్కిళ్ళలా వినపడిందేమో, తడుముకుంటూ వచ్చి వీపు రాసింది. "అలిసిపోనావేటే అమ్మా? ఈ పూటకి సాల్లే. తల్లి ఏటీ అనుకోదు," అంది. అదీ వీడియోలో పడింది. నవ్య దాన్ని కుర్రాళ్ళ గ్రూపుకి పంపింది. ఒక్క గ్రూపుకే కదా అనుకుంది. అలా అనుకున్నవాళ్ళందరికీ ఏమవుతుందో ఆమెకీ అదే అయింది.

పింటూ దానికి గాడిద ఓండ్రింపూ, గంపెడు నవ్వులూ అతికించి, "దండ్‌వాలీ దాదీ" అని, అంటే దండ్‌ల మామ్మ అని పేరెట్టి, కింద తమ డాన్స్ జట్టు పేరు వేసి రీలుగా వదిలాడు. రెండోరోజుకల్లా గోల్‌మురి బజార్లో టీ బండి దగ్గర ఎవడో ఆమెని చూసి "ఆరూనొక్కటీ" అని వంకర తెలుగులో అరిచాడు. నవ్య స్నానాలగది తలుపేసుకుని, రీలు కింద జనం రాసినవన్నీ చదివింది. కొందరు ముసలమ్మ చేత జిమ్ము పెట్టించమన్నారు. కొందరు రాసినవి నోటితో చెప్పేవి కావు. ఆ వీపు రాసే చేతి మీద కూడా రాశారు.

నేరుగా మైదానానికి వెళ్ళి తీసెయ్యమంది.

"అరే, వైరల్ హో గయీ తేరీ బుఢియా!" అన్నాడు పింటూ, నీ ముసల్ది ఊరంతా పాకిపోయిందని, అదేదో వరమిచ్చినట్టు. రాంచీ వెళ్ళేలోగా ఊరంతా తమ జట్టు పేరు తెలిసిపోతుందట. ఆమె మళ్ళీ తీసెయ్యమంటే అతని మొహం మారింది. జట్టులో ఉండాలని ఉందా, లేదా అని అడిగాడు.

ఉంది. ఇంకా ఉంది. అదే అన్నిటికన్నా రోతగా తోచింది నవ్యకి. మామ్మ గొంతుని గాడిదతో కలిపినవాడి ఎదుట నిలబడి కూడా, లోపలెక్కడో ఒక మూల, చోటు ఉంటుందా పోతుందా అని చూసుకుంటోంది. ఆ ఆశని చెప్పుకింద నలపాలనిపించింది.

"నహీఁ రహనా," అంది. ఉండనని.

పింటూ భుజాలెగరేసి, రీలు తీసేశాడు. అప్పటికే ఎందరో దించుకుని తమ పేరున మళ్ళీ పెట్టుకున్నారు. "లే, హో గయా," ఇంద, అయిపోయిందని ఆమె చెప్పుకి బెత్తెడు దూరంలో ఉమ్మి, అటు తిరిగిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోంచి ఇంద్రాణి బయటికి వస్తోంది. చేతిలో ఫోను. నవ్య మొహం చూడకుండా పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది. లోపల మామ్మ పీట మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఇంద్రాణి ఇనిపించింది," అంది మామ్మ. "నా గొంతు అలగుంటాదని నాకు తెల్దు."

నవ్యకి హిందీ మాట ఒక్కటీ నోట్లోకి రాలేదు. "మామ్మా, అవి దండాలు కావు," అంది తెలుగులో, కూడబలుక్కుంటూ. "డాన్స్ కోసం చేశాను. నీ కళ్ళ కోసం కాదు."

"అదీ సెప్పింది." "అందుల సానామంది నవ్వుతన్నారు. గాడిద్ని కూడా ఎట్టినారు. నాకు కళ్ళగుపడవు గదా, ఎవులు ఎవులో తెల్నేదు. నీ నవ్వుందేటే అందుల?"

లేదనొచ్చు. అన్ని నవ్వుల్లో తనదేదో ఎవరూ తేల్చి చెప్పలేరు. అసలేమీ అనకపోయినా చాలు, మామ్మ మనసు ఆ మౌనానికి మంచి అర్థమే వెతుక్కుంటుంది.

"ఉంది, మామ్మా."

మామ్మ తలూపింది. కోప్పడలేదు, ఏడవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే గోడవైపు చూస్తూ కూర్చుంది.

"డేన్సుకని ఆ మొదటినాడే సెప్పుంటే," అంది చివరికి, "డేన్సుకే లెక్కెట్టీదాన్ని గదే."

గోడ పట్టుకుని లేచి, పీటని కాలితో మంచం కిందకి తోసేసి, పక్కగదిలోకి వెళ్ళిపోయింది.