దూరం సిగ్నల్ ఏం రంగు?

ఈ రోజు కంటి డాక్టర్ నన్ను ఫోన్ పక్కన పెట్టి, మధ్యమధ్యలో దూరంగా చూస్తుండమన్నారు. డోర్నకల్‌లో రైలు డ్రైవరుగా చేసిన మా నాయిన మాకు చిన్నప్పుడే నేర్పిన అలవాటది. సాయంత్రాలు స్టేషన్ వంతెన ఎక్కించి, "గా దూరం సిగ్నల్ ఏం రంగున్నదో జెప్పుండ్రి" అనేవాడు. ముందు చెప్పినవాళ్లకు పల్లీలు.

ఇంటికొచ్చి ఆ సంగతి గుర్తుచేస్తే అమ్మ నవ్వింది.

"గది మీ కండ్లకు పరీక్ష గాదు బిడ్డా, ఆయన కండ్లకే. చూపు మసకైతే ఇంజన్ మీదికెల్లి దింపుతరని భయం. మీరు చెప్పిందీ, ఆయనకు కనవడ్డదీ ఒక్కటేనా అని జూసుకునేటోడు."

మందు డబ్బా మీది సన్న అక్షరాలు చూపించి, "ఏదీ, చదువు చూద్దాం" అని మా అమ్మాయికి నేను పెడుతున్న పరీక్షా అదే. నిజం చెప్పండి, మీ ఇంట్లో పరీక్ష ఎవరికి?