కాలవ కంపు తెలియని రోజు

తెనాలి మార్కెట్ వెనక కాలవలో పూడిక తీస్తున్నాం. కరోనా రెండోసారి ముంచుకొచ్చిన రోజులవి. ఆ పొద్దున నాకు కంపు తెలియలేదు. పక్కనే పార పట్టిన కరుణ వదినతో ఆ మాటే అన్నాను. ఆమె మా అన్న భార్య, పుట్టిల్లు రేపల్లె.

"నాకు నిన్నటి నుంచే తెలీట్లేదమ్మాయ్. ఇన్నేళ్ళకి దేవుడు మన మొర విన్నాడు" అంది వదిన.

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ పనిలో చేరిన కొత్తలో అన్నం సహించదు. పాతబడ్డాక ముక్కు మొద్దుబారిందని గొప్పగా చెప్పుకుంటాం. ఇదీ అలాంటిదే అనుకుని పనిలో పడ్డాం.

జ్వరం వచ్చాక మేస్త్రీ పరీక్షకు పంపాడు. ఇద్దరికీ పాజిటివ్. సీటీ స్కాన్ చూసి "లంగ్స్ బాగా ఎఫెక్ట్ అయ్యాయమ్మా" అన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో పక్కపక్క మంచాలిచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఆడవాళ్ళ వార్డులో చాలావరకు తెలిసిన మొహాలే: మా పేట నుంచి వీధులూడ్చే వాళ్ళు, ఆసుపత్రి ఆయా, మాత్రలు పంచిన ఆశా కార్యకర్త.

"వదినా, పిన్నీ అని పిలుచుకుంటున్నారు. అంతా ఒకే ఇంటివాళ్ళా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కాదండి, ఒకే పనోళ్ళమండి" అంది వదిన, మాస్కులోంచే.

ఊరంతా ఇంట్లో కూర్చుంటే ఊరు ఊడ్చేదెవరు? మేమే. మాలో సెంటు పొలం ఉన్నదాన్ని ఒక్కదాన్ని చూపించండి.

నా ఒంట్లో ఆక్సిజన్ సాచురేషన్ పెరిగింది. వదినది పడిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నా పార ఎవరికీ ఇవ్వమాక."

మళ్ళీ రాలేదు. రేపల్లెలో వాళ్ళమ్మ సమాధి పక్కన పూడ్చుకుందామంటే, కరోనా శవమని ఇవ్వక అదీ కుదరలేదు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

స్టెరాయిడ్లతో నాకు షుగర్ వచ్చింది. నాలుగడుగులేస్తే ఆయాసం. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక వదిన పార పట్టుకునే పనిలోకి వెళ్ళాను. ముక్కుకి మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు బురదలో పార వేయగానే గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకుంటే నేను గట్టున కూర్చుని "వదినా, కంపొచ్చిందే" అని ఏడ్చాను.

ఇప్పుడు షుగర్ మాత్రలు వేసుకుంటూ పని చేస్తున్నాను. కాలవలో దిగే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. కంపు తెలియకపోతే అలవాటైందని నవ్వుకోకండి. పార పక్కన పెట్టి, తిన్నగా పరీక్షకు వెళ్ళండి. నేను రోజూ ముందు వాసన చూసే దిగుతాను. కంపు కొట్టిందంటే బతికున్నట్టే.