చింతపండుతో తోమిన నట్లు

“పాత నట్లకేం రోగమొచ్చిందయ్యా? శుభ్రంగా తోమితే కొత్తవాటిని మించిపోతాయి.”

“తోమితే మెరుపొచ్చిద్ది పెద్దమ్మా, పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిద్ది?”

“పట్టు నీ చేతిలో ఉండాలి. పోయింది టర్బో ఒక్కటే. అదొక్కటే మార్చు.”

“ఏళ్ల తరబడి ఇంజను వేడికి కాలినయ్ ఇయ్యి. స్టడ్లూ నట్లూ అన్నీ మార్చనీకపోతే బండి ముట్టను. ఇంకొకణ్ణి పిలుచుకో!”

మూడేళ్ల కిందట అద్దంకి నుంచి వచ్చిన మెకానిక్‌కూ నాకూ మా వాకిట్లో జరిగిన గొడవ ఇది. ఈవేళ పులుసుకు చింతపండు నానబెడుతుంటే గుర్తొచ్చి, పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నేను నవ్వడం మా ఇంట్లో అరుదు కాబట్టి, పాలు పొంగాయేమోనని మా కోడలు పరుగెత్తుకొచ్చింది.

మా అబ్బాయి పొలం చూసుకుంటాడు, చిన్న లారీ కోడలు తోలుతుంది. ఊళ్లో మిరపకాయల టిక్కీలను, అంటే కాయ నింపి కుట్టిన గోతాలను, గుంటూరు యార్డుకు చేర్చే పని ఆ ఏడే మొదటిసారి ఆమెకు ఒప్పజెప్పారు. “దార్లో బండాగితే ఆడమనిషి ఏం చేసిద్ది?” అని సణిగినవాళ్లూ లేకపోలేదు. ఆ మొదటి లోడు దారిలో ఆగిందా, రెండో లోడు ఎవరూ ఎత్తరు. సరిగ్గా ముందురోజే టర్బో పోయింది. ఇంజను వదిలే వేడి పొగతో తిరుగుతూ, ఆ ఇంజనుకే గాలి ఊదే చక్రమట అది. దాన్ని మోసే పొగ గొట్టాన్ని ఇంజనుకు పట్టి ఉంచేవి స్టడ్లనే తలలేని బోల్టులు, వాటి మీద నట్లు.

పాత స్టడ్లలో ఒకటి తీస్తుండగానే పుటుక్కున విరిగింది. సరే, స్టడ్లు మార్చుకోమన్నాను. నట్ల దగ్గర మాత్రం నా మనసు ఒప్పలేదు. మూడో తరగతితో ఆగిన చదువు నాది. ఇనుము సంగతి తెలియకపోయినా తోమడం తెలుసు. మెకానిక్ భోజనానికి కూర్చోగానే ఆరు పాత నట్లు ఏరి, చింతపండూ బూడిదా వేసి తోమాను. కడిగిన గిన్నెల్లా తెల్లబడ్డాయి. వాటిని కొత్తవాటి పళ్లెంలో కలిపేసి, ఆరు కొత్తవి కొంగున ముడేసుకున్నాను, కొట్టుకు తిప్పి పంపొచ్చని.

ఆ తృప్తితోనే పంచలో కూర్చుని టిక్కీల మూతులు కుట్టసాగాను. పురికొస చాలలేదు. కోడలు ఏదో పాత గోతం నుంచి ఊడదీసిన పురికొస తెచ్చి ఇచ్చింది. ఒంటికాలి మీద లేచాను.

“పాతదాంతో కుడతావా? ఎత్తగానే మూతి విచ్చుకుంటే కాయంతా రోడ్డు పాలు!”

“చూడ్డానికి గట్టిగానే ఉంది కదత్తయ్యా.”

“చూడ్డానికుంటే సరిపోయిద్దా? బరువు లాగి లాగి సాగిపోయిన పురికొస, మళ్లీ ఏం లాగిద్ది?”

అన్నాక సూది నా చేతిలోనే ఆగిపోయింది. కోడలు కొత్త పురికొస తేవడానికి లోపలికి వెళ్లింది. నేను లేచి బండి దగ్గరికి నడిచాను. మెకానిక్ స్టడ్లన్నీ ఎక్కించి, నట్ల పళ్లెం కోసం చెయ్యి చాపుతున్నాడు. అతని ముందు కొంగు ముడి విప్పి, చేసింది చెప్పాను.

“ఓర్నాయనో! ఆ పళ్లెంలో పాతయ్యి ఏయి పెద్దమ్మా?”

“తెలిసేట్టు తోమానా నేను?”

అతను నన్ను చూశాడు, నట్లను చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. కోపం దిగాక మిగిలిన ఒక కొత్త స్టడ్డు నా చేతికిచ్చి, “నువ్వే ఏరు. ఇయ్యి అదురుకి ఊడకుండా పట్టే లాక్ నట్లు. కొత్తది సగంలో బిగుసుకుని ఆగిద్ది. పాతది వేలితో తిప్పితే అడుగుదాకా జారిద్ది” అన్నాడు. ఒక్కో నట్టే తిప్పి చూశాను. ఆరు జారాయి. నేను మెరిపించిన ఆరూ! పొద్దువాలేలోగా అతను నడిమి నట్లతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాడు.

మర్నాడు పొద్దున్నే కోడలు లోడుతో బయల్దేరింది. ఆమె ఫోన్ వచ్చేదాకా గడియారం ముల్లు కదిలితే ఒట్టు. “దిగుమతి అయిపోయింది అత్తయ్యా, రేపటి లోడు కూడా మనకే చెప్పారు” అంది. ఆ తర్వాత మధ్యాహ్నం ఎప్పుడైందో నాకు తెలియనే లేదు.