గుత్తకివ్వని చెట్టు

పూతలో ఎంత రాలాలో ఎంత నిలవాలో తానే నిర్ణయించి, నిలిచిన కాయలో మన ప్రమేయం లేకుండా తీపి నింపే గోవిందుడికి ముందుగా నమస్కారం. ఆయన చూపు పడని చోటు లేదు. అంతా చూస్తూ కూడా తొందరపడి తీర్పు చెప్పనివాడు ఆయన ఒక్కడే. ఈ స్తుతి చేశాకే ఏ పనైనా మొదలుపెట్టాలని నాకు నేర్పిన మనిషి గురించి ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ఉదయం మా సంఘం షెడ్డులో చిన్నరసాల ముచ్చికలు విరుస్తుంటే సొన చిమ్మి వేళ్ళ మీద పడింది. ఆ ఘాటు వాసన ముక్కుకి తగిలితే చాలు, నా పక్కన సుభద్రమ్మగారు నిలబడి ఉన్నట్టే ఉంటుంది నాకు. ఎదురుగా కుర్చీలో బెజవాడ నుంచి వచ్చిన కంపెనీ కుర్రాడు లాప్‌టాప్ తెరిచి చెబుతున్నాడు. “మేడం, మీ సంఘానికి వచ్చే మెయిల్స్ అన్నీ ఈ ఏఐ ప్రోగ్రామే చదివేసి, ముఖ్యమైనవి మీకు చెప్పేస్తుందండి. మీరు చదవక్కర్లేదు.”

“ఇది చదివింది ఇంకెవరు చదువుతారు బాబూ?” అన్నాను.

మా సంఘం డైరెక్టరు రాఘవయ్యగారు పక్కనే ఉన్నారు. గట్టిగా నవ్వి, “అచ్చం మా అక్కయ్యగారి గొంతే!” అన్నారు. ఆ కుర్రాడికి అర్థం కాలేదు. సుభద్రమ్మగారిని చూడనివాళ్ళకు అర్థం కాదు కూడా.

నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళ మామిడి రైతులు కలిసి పెట్టుకున్న మా సంఘానికి ఆమె చాలాకాలం ప్రెసిడెంటు. పెద్ద తోటలున్న ఇల్లు. మా అమ్మ ఆ తోటల్లోనే కాయ ఏరే కూలీ. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటరు పనికి మనిషి కావాలంటే సుభద్రమ్మగారే నన్ను పిలిపించారు. ఊళ్ళో వెనకాల ఆమెను అనుమానాల సుభద్రమ్మ అనేవారు. గంపలో పైకాయ చూసి ఆమె ఏనాడూ మాట చెప్పలేదు. అడుగు కాయ తీయించి, వాసన చూసి, ముచ్చిక దగ్గర వేలితో నొక్కాకే నోరు విప్పేవారు. మందుల కంపెనీవాళ్ళు సీసా పట్టుకొస్తే మూత తీయించి, “ఇది నువ్వు నీ తోటలో కొట్టావా?” అని అడిగేవారు. చాలామందికి అసలు తోటే ఉండేది కాదు.

శనివారం సాయంత్రాలు వాళ్ళ వసారాలో పారాయణం జరిగేది. నాకు అక్షరాలు బడి నేర్పితే, వాటి వెనకున్న అర్థం ఆ వసారా నేర్పింది. ఆమె శ్లోకం చదివి, తాత్పర్యం చెప్పి, కళ్ళద్దాల మీదుగా మమ్మల్ని చూసేవారు. “అందరూ తలలూపుతున్నారు. నాకు అనుమానంగా ఉంది. ఒక్కళ్ళకన్నా సందేహం రాలేదంటే ఎవరూ వినలేదన్నమాట.” ఒకసారి మా అమ్మ ధైర్యం చేసి, “స్వామికి అన్నీ తెలుసు కదండీ, మరి భక్తుణ్ణి అంతంతసేపు ప్రశ్నలు అడగనిస్తాడెందుకండీ?” అంది. సుభద్రమ్మగారి ముఖం వెలిగిపోయింది. “తెలిసినవాడు కాబట్టే అడగనిస్తాడే. అడిగితే కోపం వచ్చిందంటే అవతలివాడి దగ్గర జవాబు లేదన్నమాట.” ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ మాట నాకు అక్కరకొచ్చే రోజు వచ్చింది. అప్పట్లో సంఘానికంతటికీ ఒకే మెయిలు, ఒకే పాస్‌వర్డు. అది నాకు తెలుసు, డైరెక్టర్లకు తెలుసు, వాళ్ళ పిల్లలకూ తెలుసు. కాయ కొనే వ్యాపారులు కోతలకు ముందు తమ రేట్లు ఆ మెయిలుకే పంపేవారు. గడువు అయ్యాక కమిటీ కూర్చుని, ఎక్కువ రాసినవాళ్ళకు కాయ ఇచ్చేది. వరసగా రెండు సీజన్లు ఒకే వ్యాపారి అందరికంటే చివర్లో పంపి, అందరికంటే ఒక పిసరు మాత్రమే ఎక్కువ రాసి, కాయ పట్టుకుపోయాడు.

“మనవాళ్ళెవరో మిగతావాళ్ళ రేట్లు వాడి చెవిలో వేస్తున్నారు,” అన్నారు రాఘవయ్యగారు కమిటీలో. “పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందు కూర్చునేదెవరో నేను చెప్పక్కర్లేదు.”

“కూలికెళ్ళే ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చిందంటగా,” అని ఇంకొకాయన అందుకున్నాడు.

మినిట్స్ రాస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఈ మాట కూడా రాయాలా? తలెత్తితే సుభద్రమ్మగారు నన్నే చూస్తున్నారు. “రాయి అమ్మాయ్. అన్న మాట అన్నట్టు రాయి. ఎవరన్నారో కూడా రాయి,” అన్నారు. అంతకుమించి ఆమె నన్ను వెనకేసుకు రాలేదు. ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. రేట్లు నేనే చెప్పానని తేలితే ఉద్యోగం పోతుంది. తేలకపోతే ఆ మాట ఎప్పటికీ పోదు. అమ్మ ఇక ఆ షెడ్డులోకి తలెత్తుకుని రాలేకపోతుంది.

మర్నాడు పొద్దున్నే తోటకు రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి తోట గుత్తకు తీసుకునే మనిషితో బేరం నడుస్తోంది. ధర సంగతి ఇంకా ఎత్తనే లేదు. “చివరి కాయ కోశాక కాపలా గుడిసె ఎప్పుడు తీసేస్తావు? విరిగిన కొమ్మలు ఎవరు నరికిస్తారు? గేటు తాళంచెవి ఎవరి చేతికిస్తావు?” అని అడుగుతున్నారు. అతను నవ్వేశాడు. “ఇంకా లోపలికే రాలేదండీ, అప్పుడే బయటికి పంపించేస్తున్నారు!”

“బయటికెళ్ళే దారి తేలితేనే లోపలికి రానిచ్చేది. ఇంకోటి, ఆ బోరు పక్కనున్న చిన్నరసం గుత్తలో లేదు. దాని కాయ స్వామికి, తరవాత ఇంటికి. దాని జోలికి రావద్దు.” ఏటా ఆ చెట్టును అలా మినహాయించేవారు. ఎంత మంచి గుత్తదారుకైనా సరే, మొత్తం తోట అప్పగించేది లేదు.

అతను వెళ్ళాక నా వైపు తిరిగారు. “నువ్వు చెప్పావా?”

“లేదండీ.”

“చెప్పావని నేననుకోవటం లేదు. కానీ అనుకోవటం వేరు, చూడటం వేరు. నిన్నూ అనుమానిస్తాను, రాఘవయ్యనీ అనుమానిస్తాను. నన్నూ అనుమానించాలి.”

నాకు ఏడుపు ఆగలేదు. “ఇన్నేళ్ళుగా చూస్తున్నారు, నమ్మచ్చు కదండీ అమ్మగారూ.”

“చూడకుండా నమ్మితే ఇవాళ నీకు బాగానే ఉంటుంది. చూడకుండా నమ్మేవాళ్ళు రేపు చూడకుండానే నింద వేస్తారు.” కొంగు తీసి నా చేతికిచ్చి ముఖం తుడుచుకోమన్నారు. “అందరి దగ్గరా ఒకటే తాళంచెవి. నువ్వు తీయలేదని నువ్వు చూపించలేవు, తీశావని వాళ్ళు చూపించలేరు. నాకు భయం దానికి. నీలాపనింద పడినప్పుడు స్వామి ఇంట్లో కూర్చుని ఏడ్చాడా? అడుగుజాడలు పట్టుకుని అడవిలోకి వెళ్ళాడు. మన కంప్యూటర్లో అడుగుజాడలు పడేట్టు ఏదన్నా ఉందేమో కనుక్కో.”

కనుక్కున్నాను. ఎవరి పేరున వాళ్ళకు మెయిలు, అందరికీ కనిపించే క్యాలెండరు, పత్రాలు దాచుకునే చోటు, ఎవరు ఏది ఎప్పుడు తెరిచారో చెప్పే పద్ధతి, అన్నీ కలిపి సంఘాలకు అద్దెకిచ్చే కంపెనీలు ఉన్నాయి. వాటిలో రెండింటి మనుషుల్ని పిలిపించారు. రాఘవయ్యగారికి ఇదంతా నచ్చలేదు. “ఇప్పుడున్నది ఫ్రీ కదా అక్కయ్యగారూ!”

“ఊరికే ఎరువేస్తానని వచ్చినవాడు కాయ అడగకుండా పోతాడా రాఘవయ్యా?”

మొదటి కంపెనీ అతను టై కట్టుకుని వచ్చాడు. “క్లౌడ్‌లో పెట్టాక పూర్తిగా సేఫండీ,” అన్నాడు.

“సేఫా కాదా అని నేను అడగలేదు బాబూ. ఎవరెవరు తీసి చూడగలరు?”

“అడ్మిన్ మాత్రమేనండీ.”

“ఆయనెవరు?”

“మీరు పెట్టుకున్నవాళ్ళేనండీ. మొదట్లో సెటప్ కోసం మేం ఉంటాం.”

“సెటప్ అయ్యాక వెళ్ళిపోతారా?”

“సపోర్ట్ కోసం మమ్మల్ని ఉంచుకుంటేనే మంచిదండీ.”

“గుత్త అయిపోయినా గేటు తాళంచెవి జేబులో పెట్టుకునే తిరుగుతానంటావ్,” అన్నారు. రాఘవయ్యగారే ముందు నవ్వారు. అతనికి మాత్రం కోపం వచ్చింది. పారాయణంలో అమ్మకు చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. సుభద్రమ్మగారు అతనికి కాఫీ ఇప్పించి పంపేశారు.

రెండో కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. “మేం మానేస్తే మా సరుకంతా మాకు తిరిగొస్తుందా?” అని అడిగితే, “అంతా వస్తుందో రాదో నాకు కచ్చితంగా తెలియదండీ, కనుక్కుని చెప్తాను,” అంది. సుభద్రమ్మగారు కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ అమ్మాయి మర్నాడే జవాబు పంపింది. అయినా ఆమెకు చాలలేదు. ట్రయల్‌లో ఉండగానే కొన్ని పత్రాలు, కోతల క్యాలెండరు అందులో పెట్టించి, వెంటనే అన్నీ బయటికి తీయమన్నారు. పత్రాలు వచ్చాయి, క్యాలెండరు వచ్చింది. ఎవరు ఏం మార్చారన్న చరిత్ర మాత్రం రాలేదు. “అడుగుజాడలు అక్కడే ఉండిపోతాయన్నమాట,” అని ముఖం చిట్లించి, చివరికి ఒప్పుకున్నారు. ఏ కంపెనీయో ఇక్కడ రాయను. ఆమె చూసింది కంపెనీ పేరు కాదు.

పాత మెయిలులో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి మార్చే రోజున కమిటీనంతా కూర్చోబెట్టారు. “ముందు పాతదాని పాస్‌వర్డు మార్చు. అందరూ చూస్తుండగా మార్చు,” అన్నారు. మార్చబోతే అది ఒక కోడ్ అడిగింది. ఖాతాలో ఉన్న ఫోన్ నంబరుకు పంపించామంది. అందరం ఫోన్లు తీసి చూసుకున్నాం. రాఘవయ్యగారు రెండు జేబులూ తడుముకున్నారు. ఆ గదిలో ఎవరి ఫోనూ మోగలేదు. తెర మీద నంబరు చివరి అంకెలు కనిపిస్తున్నాయి. అవి మాలో ఎవరివీ కావు.

“ఈ మెయిలు మొదట పెట్టించిందెవరు?” అని అడిగారు సుభద్రమ్మగారు.

రాఘవయ్యగారు జేబులు తడమటం ఆపేశారు. “నేనే అక్కయ్యగారూ. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో. అప్పట్లో నా దగ్గర ఫోను లేదు. ఆ షాపతను తన నంబరు వేసుకున్నాడేమో. ఆ షాపు మూసేసి చాన్నాళ్ళయింది.”

“అయితే వాడే!” అన్నాడు ఫ్రిజ్ మాట ఎత్తినాయన.

“ఆగండి,” అన్నారామె. “అతని మీద కూడా చూడకుండా వేయకండి. మనకు తెలిసింది ఒక్కటే. ఇన్నాళ్ళూ మన గేటు తాళంచెవి మన దగ్గర లేదు. ఆ సంగతి మినిట్స్‌లో రాయి అమ్మాయ్. ముందు రాసినదాని కిందే రాయి.”

రేట్లు ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి జరిగింది అమ్మకు చెప్పాను. మర్నాడు అమ్మ షెడ్డుకు అందరికంటే ముందు వెళ్ళి, గుమ్మం ఎదురుగా కూర్చుని కాయ ఏరింది.

కొత్తదానికి అడ్మిన్లుగా ఎవరిని పెట్టాలన్నప్పుడు సుభద్రమ్మగారు నా పేరు చెప్పారు, వెంటనే రాఘవయ్యగారి పేరు చెప్పారు. ఆయన కంగారుపడ్డారు. “నాకేం వచ్చు అక్కయ్యగారూ?” “ఆ అమ్మాయి నేర్పుతుంది. నువ్వు ఆమెను కనిపెట్టుకుని ఉండు, ఆమె నిన్ను కనిపెట్టుకుని ఉంటుంది. ఒకళ్ళు ఏది మార్చినా రెండోవాళ్ళకు కబురు రావాలి.” రేట్లు మాత్రం అందులో పెట్టనివ్వలేదు. అవి సీలు కవర్లలో రావాలి, కోతల ముందు రోజు షెడ్డులో అందరి ఎదుటా విప్పి చదవాలి. “మొత్తం తోట ఎవరికీ అప్పగించం,” అన్నారు. ఆ ఏడాది కవర్లు విప్పినప్పుడు పాత వ్యాపారి రేటు అన్నిటికంటే కింద ఉంది.

పోయిన ఏడాది తోటలు పూత మీద ఉండగా ఆమె కన్నుమూశారు. ఎవరు సంఘం వదిలినా అదే రోజు వాళ్ళ ఖాతా మూయాలన్నది ఆమె పెట్టిన నియమం. “నేను పోయినా అంతే,” అని ఒకసారి నవ్వుతూ అన్నారు కూడా. స్నానాలు అయ్యాక రాఘవయ్యగారు, నేను షెడ్డులో పక్కపక్కన కూర్చున్నాం. ఆమె మెయిలు పెట్టెను తెరిచి చదివే అధికారం మా ఇద్దరికీ ఉంది. మేం తెరవలేదు. సంఘం పత్రాలు సంఘం పేరుకు మార్చి, మూసేశాం. ఎంతో బతిమాలాక ఆమె తన చేత్తో క్యాలెండరులో పెట్టింది ఒకటే ఉండేది: శనివారం పారాయణం. ఖాతాతో పాటు అదీ అందరి ఫోన్లలోంచి పోయింది. “నీ పేరున పెట్టమ్మాయ్,” అన్నారు రాఘవయ్యగారు, కళ్ళు తుడుచుకుంటూ. పెట్టాను. ఆయనకు కబురు వెళ్ళింది. చూసి తలూపారు.

బెజవాడ కుర్రాడు ఈ ఉదయం నా ప్రశ్నకు ఆలోచించి, “తెలియదండీ, కనుక్కుని చెప్తాను,” అన్నాడు. కనుక్కురమ్మన్నాను. సొన ఇంకా వేళ్ళ మీద మండుతోంది.

ఇవాళ శనివారం. సాయంత్రం పారాయణం వేళయిందని ఫోను మోగుతుంది, సుభద్రమ్మగారి వసారాలో కూర్చుంటాం. ఇది చదివే మీరు ఎక్కడున్నా నాతో పాటు ఈ నాలుగు మాటలూ అడగండి. స్వామీ, మమ్మల్ని అడుగు కాయ దాకా చూడు. చూశాకే మంచివాళ్ళమో కాదో చెప్పు. ఎదుటివాళ్ళను చూడకుండా మేం నోరెత్తబోతే మా నోరు మూయించు. మా తోటలో నీకని వదిలిన ఆ ఒక్క చెట్టునూ ఎవరికీ గుత్తకివ్వనీయకు.